అంబాసిడర్ ముందు రెండు లైట్లు

పోయిన వారం మా అన్న కొడుకు ట్రాక్టర్‌కు ఎల్ఈడీ బార్ బిగించుకొని వచ్చిండు. రెండు ఫీట్ల పొడుగుంది. చీకటి పడ్డంక మా వాకిట్ల నిలబెట్టి ఆన్ చేసిండు. అవతలి చెలకల ఉన్న వేపచెట్టు ఆకు ఆకు కనబడ్డది. కొట్టంల బర్రెలు బెదిరినయ్. "ఎట్లుంది చిన్నాయనా?" అన్నడు. మంచిగుందిరా అన్న గానీ రాత్రి నిద్ర పట్టలే. అందుకే ఈ పోస్టు. టమాట రేట్ల ముచ్చట వచ్చే వారం రాస్త. ఇయ్యాల లైట్ల గురించే. కొంచెం పొడుగైతది, ఓపికతోని చదవండి.

మా ఇంట్ల అంబాసిడర్ ఉన్న సంగతి ఈ పేజీ చూసేటోళ్లకు ఎరికే. 1991 నాటి నోవా, డీజిల్. మా మేనమామ దాన్ని పటాన్‌చెరుల కంపెనీల సార్లకు కిరాయికి నడిపేటోడు. ఆయనకు చూపు తగ్గినంక 2008ల నాకిచ్చిండు, పైసలు మూడు విడతల్ల కట్టిన. రెండెకరాల కూరగాయల రైతుకు కారెందుకురా అని ఊర్ల నవ్విన్రు. వెనక సీటు పీకేసి డిక్కీతోని కలిపితే ఎన్ని పాలకూర మూటలు పడ్తయో చూసినంక నవ్వుడు బంద్ చేసిన్రు. ఆటో కిరాయి మిగిలింది. వాన పడ్డా కొత్తిమీర తడవలే. ఉత్తరపారా ఫ్యాక్టరీల ఈ బండ్లు చేసుడు 2014 మే నెలల ఆపేసిన్రని పేపర్ల చదివిన రోజు మా మామ అన్నం సరిగ్గ తినలే.

మార్కెట్‌కు పోవాలంటే తెల్లారుగట్ల మూడున్నరకు ఇల్లు కదలాలె. చలికాలం పొగమంచు. దాని మీద క్రషర్ల దిక్కు నుంచి వచ్చే టిప్పర్ల దుమ్ము. దాని మీద రోడ్డు పక్కన వెనక లైటు లేకుంట నిలబెట్టిన లారీలు. అంబాసిడర్ హెడ్‌లైట్ ఎంత వెలుగిస్తదో నడిపినోళ్లకు తెలుసు. అట్ల ఒకసారి లారీ వెనక జానెడు దూరంల బ్రేక్ పడ్డది. ఆ మర్నాడే సెల్ఫ్ డైనమో షాపుకు పోయి బంపర్ మీద రెండు పెద్ద లైట్లు పెట్టించుకున్న. ఒక్కోటి 100 వాట్లు. అద్దగంటల పని అయిపోయింది. డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న స్విచ్. నొక్కితే పగలు. నాకు మస్తు సంబురమైంది. వైరు ఎట్ల గుంజిండో చూడనే లేదు.

చూసుంటే అప్పుడే అర్థమయ్యేది. ఇండ్లల్ల బల్బులకు వాడే సన్న వైరు. బ్యాటరీ మీదికెళ్లి స్విచ్ దాక, స్విచ్ నుంచి మళ్ల ముంగటి లైట్ల దాక. మధ్యల ఫ్యూజు లేదు. జాయింట్లు చేతితోని మెలేసి టేపు చుట్టినయ్. కొన్ని నెలలకు ఆ స్విచ్ ముట్టుకుంటే వెచ్చగ ఉండుడు మొదలైంది. చలికాలం కదా, ఏళ్లకు హాయిగనే ఉండె. అట్లనే నడిపిన. ఇది దాచుకునే ముచ్చట కాదు, తప్పు నాదే.

2012 డిసెంబర్. అప్పుడు ఇంకా మనది మెదక్ జిల్లానే. సంగారెడ్డిల చుట్టాల పెండ్లి చూసుకొని నేను, మా ఇంటామె వస్తున్నం. రాత్రి పది దాటింది. హైవే దిగి ఊరి తొవ్వ పట్టినం. రెండో షిఫ్ట్ వదిలిన టైం. ఎదురుంగ ఒక సైకిల్ వస్తున్నది. డిప్ కొట్టిన. హెడ్‌లైట్లు కిందికి పడ్డయ్ గానీ ఆ రెండు లైట్లు అట్లనే ఉన్నయ్. వాటి స్విచ్ వేరే కదా. చెయ్యి పెట్టి వెతికి నొక్కిన. ఆరలే. మళ్ల నొక్కిన. ప్లాస్టిక్ మెత్తగ తగిలింది, వేలు కాలింది. అప్పటికే మా ఆమె "ఆపు, ఆపు, పిల్లగాడు పడ్డడు" అని మొత్తుకుంటున్నది.

బండి ఆపిన. ఇంజన్ బంద్ చేసిన. హెడ్‌లైట్లు బంద్ చేసిన. ఆ రెండు లైట్లు మాత్రం ఆరలే. నేరుగ బ్యాటరీ మీద ఉన్నయ్, లోపల స్విచ్ కరిగి అతుక్కున్నది, ఇగ వాటిని ఎవ్వరు ఆపుతరు? ఆ పిల్లగాణ్ణి కాల్వలకెళ్లి పైకి తీసింది ఆ లైట్ల వెలుగులనే. ఒడిశా పిల్లగాడు, ఇరవై ఏండ్లు ఉంటయ్. కుడి భుజం పట్టుకొని కూసున్నడు. తిడతడేమో అనుకున్న. తిట్టలే. "ఆంఖోం మే లైట్ పడా చాచా, రోడ్ దిఖా నహీ" అన్నడు, అంతే.

బానెట్ లేపితే కాలిన రబ్బరు వాసన. వైరు మీద తొడుగు బెల్లం పాకం లెక్క అయ్యింది. పానా పెట్టి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, పాలకూర కోసే కొడవలితోని ఆ వైరు తెంపి, కొసకు గుడ్డ చుట్టి, మళ్ల టెర్మినల్ పెట్టి, పటాన్‌చెరు దవాఖానకు తీస్కపోయిన. మెడ కింది ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి లేపొద్దన్నరు. కాంట్రాక్టు కూలీకి ఆరు వారాలంటే ఏందో ఈ పటాన్‌చెరుల నేను మీకు చెప్పాల్సిన పని లేదు. దవాఖాన ఖర్చు, రూం కిరాయి నేను పెట్టుకున్న. జీతం పూర్తిగ ఇచ్చే తాహతు నాకు లేకుండె, సగం ఇచ్చిన. బియ్యం, కూరగాయలు మా ఇంటివే. అదేం దానం కాదు, నా బాకీ.

రోజు విడిచి రోజు చూడవోయేటోణ్ణి. ఒకనాడు తెంపిన వైరు ముక్క, కరిగిన స్విచ్ జేబుల పెట్టుకొని పోయి చూపెట్టిన. ఆ పిల్లగాడు పని చేసేది కరెంట్ ప్యానెల్ బోర్డులు తయారుచేసే షెడ్డుల. నాకు తెల్వదు అప్పటిదాక. వైరు చూసి నవ్విండు. మా దగ్గర ఇట్ల కడితే ఆ రోజే గేటు బయటికి పంపుతరు అన్నడు. సంక్రాంతి అయినంక ఒక ఆదివారం, చెయ్యి ఇంకా జోలెలనే ఉంది, మా ఇంటికొచ్చి మంచం మీద కూసొని చెప్పిండు. నేను చేసిన.

లెక్క చూడండి. రెండు లైట్లు కలిపి 200 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు. 200ను 12తోని భాగిస్తే దగ్గర దగ్గర 17 ఆంపియర్లు. ఇంట్ల 230 వోల్టుల మీద 200 వాట్లంటే ఒక్క ఆంపియర్ కూడ పడదు, అందుకే ఆ సన్న వైరు ఇంట్ల చల్లగుంటది, కారుల కాలిపోతది. వాట్లు ఒకటే, ఆంపియర్లు వేరు. ఇంటర్‌ల ఫిజిక్స్ చదివిన మనిషిని, పరీక్షల రాసిన కూడ. బండి దగ్గర యాదికి రాలే.

ఇంకో సంగతి. వైరు తెంపక ముందటి లెక్క తెలవాలని దాన్నే కొంచెంసేపు కలిపి మీటర్ పెట్టి చూసినం. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, లైటు దగ్గర 10.4. మధ్యల రెండు వోల్టులు వైరు, స్విచ్, మెలేసిన జాయింట్లు తిన్నయ్. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగ ఉన్న బోరుకు సన్న సర్వీస్ వైరు గుంజితే మోటరు గుర్రుమంటది గానీ నీళ్లు ఎక్కవు, అట్లనే. హాలోజన్ బల్బుకు వోల్టేజ్ కొంచెం తగ్గినా వెలుగు మస్తు తగ్గుతది. అంత చిన్న తేడాకే వెలుగు సగానికి దగ్గర పడిపోతది. అంటే 100 వాట్ల బల్బు పెట్టి 55 వాట్ల వెలుగు చూసుకుంట, మిగిలిందంత స్విచ్ కాల్చుడుకు ఖర్చు పెట్టిన.

అందుకే బల్బులు మార్చి 55 వాట్లవి పెట్టినం. వైరు రెండున్నర ఎంఎం రాగి. బ్యాటరీ పక్కనే జానెడు దూరంల 15 ఆంపియర్ల ఫ్యూజు. ఎందుకు పక్కనే అంటే, ఫ్యూజుకు ముందు ఉన్న వైరు ఎక్కడ బాడీకి తగిలినా దాన్ని కాపాడేది ఏదీ లేదు. తర్వాత రిలే.

రిలే అంటే బుగులు పడకండి. మన బోరు మోటరు స్టార్టర్ డబ్బా ఉంది కదా, అదే, అగ్గిపెట్టె సైజుల. పచ్చ బటన్ నొక్కితే మోటరు కరెంట్ అంత మీ వేలి కింద పోతదా? పోదు. లోపల కాయిల్ గుంజితే పెద్ద కాంటాక్టులు కలుస్తయ్. రిలేల గూడ అంతే. కింద నాలుగు కాళ్లకు నంబర్లు ఉంటయ్. 30కి ఫ్యూజు దాటి వచ్చిన బ్యాటరీ వైరు. 87 నుంచి లైట్లకు. 85 ఎర్త్. 86కు స్విచ్ వైరు. స్విచ్ మీద పోయేది కాయిల్ కరెంట్ మాత్రమే, ఆంపియర్ల అయిదో వంతు కూడ ఉండదు. ఆ స్విచ్ జన్మల వేడెక్కదు.

అసలు ముచ్చట 86 దగ్గర ఉంది. ఆ స్విచ్‌కు కరెంట్ యాడికెళ్లి తేవాలె? నేను బ్యాటరీ నుంచే తెద్దామన్న. వద్దు, హై బీమ్ వైరు నుంచి తియ్యి అన్నడు. డిప్ కొట్టంగనే హై బీమ్ వైరుల కరెంట్ పోతది, రిలే వదిలేస్తది, ఆ రెండు లైట్లు వాటంతటవే ఆరిపోతయ్. స్విచ్ అతుక్కున్నా సరే, మనం మరిచిపోయినా సరే. ఇది చెప్పేటప్పుడు ఆ పిల్లగాడు నా మొఖం చూడలే, వైరు దిక్కే చూసిండు.

అంబాసిడర్‌ల ఆ వైరు వెతుకుడు తేలికే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి కాబట్టి ఇంగ్లండ్ లూకాస్ కంపెనీ రంగులే దీంట్ల గూడ. గోధుమ రంగు అంటే ఎప్పుడూ కరెంట్ ఉండే వైరు. నీలం హెడ్‌లైట్లది. నీలం మీద తెల్ల గీత ఉంటే హై బీమ్, ఎర్ర గీత ఉంటే డిప్. ఎరుపు పార్కింగ్ లైట్లది. నలుపు ఎర్త్. ఇన్నేండ్ల మట్టికి అన్నీ ఒకటే రంగు అయినయ్, కిరోసిన్ గుడ్డతోని తుడిస్తే గీతలు బయటపడ్డయ్. అయినా రంగును నమ్మకుండ టెస్ట్ ల్యాంప్ పెట్టి హై, డిప్ మార్చి మార్చి చూసినంకనే కలిపిన. మధ్యల ఎవరు ఏ మెకానిక్ ఏ వైరు మార్చిండో ఎవరికెరుక.

ఎర్త్ దగ్గర నాకు అద్ద పూట పోయింది. లైట్లను బంపర్‌కే బిగించి అదే ఎర్త్ అనుకోవద్దు. బంపర్ బోల్టుల కింద తుప్పు. నల్ల వైరు తెచ్చి బాడీ మీద పెయింట్ గీకి, తెల్లగ ఇనుము కనబడ్డంక లగ్గు పెట్టి బోల్టు బిగించి, పైన గ్రీజు పూసిన. లగ్గులు మెలేసుడు కాదు, క్రింపింగ్ ప్లేయర్‌తోని నొక్కినయ్. అన్నీ అయినంక మీటర్ పెడితే లైటు దగ్గర 12.1. రెండు వోల్టులు పోయే దగ్గర రెండు పాయింట్లు పోయినయ్. రిలే, ఫ్యూజు, వైరు, లగ్గులు, రెండు బల్బులు, అన్నీ కలిపి అప్పట్ల ఏడు వందల లోపే.

ఇంక లైట్లు ఎటు చూస్తున్నయ్ అనేది. పొద్దుమీకినంక మా కొట్టం గోడకు 25 ఫీట్ల దూరంల బండి పెట్టినం. లైటు మధ్య భాగం భూమి మీదికెళ్లి ఎంత ఎత్తుందో గోడ మీద సుద్దతోని గీసి, వెలుగు నడి భాగం దానికంటె రెండు అంగుళాలు కిందికి పడేటట్టు తిప్పినం. ఈ పని ఖాళీ బండితోని చెయ్యొద్దు. వెనక పాలకూర మూటలు పడ్డయంటే పట్టీలు కూసుంటయ్, బండి ముక్కు పైకి లేస్తది, లైటు నేరుగ ఎదుటోని కండ్లల్లకు పోతది. నేను నాలుగు యూరియా బస్తాలు డిక్కీల వేసి సెట్ చేసిన. ట్రాక్టర్ల మీద పైన కప్పు మీద బిగిస్తున్నరు చూడండి, అది ఎంత కిందికి వంచినా ఎదురుంగ సైకిల్ మీద వచ్చేటోని కండ్లకు తగుల్తనే ఉంటది.

చట్టం ముచ్చట గూడ చెప్పాలె. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలల్ల 111వది ఉంది. రిజిస్ట్రేషన్ చేసే అధికారి ప్రత్యేకంగ ఒప్పుకుంటే తప్ప బండి ముందర స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టొద్దని. నావి స్పాట్ లైట్లు కావని వాదించొచ్చు. వాదన ఎందుకు? హైవే మీద వాటికి గుడ్డ కవర్లు తొడిగి ఉంటయ్, స్విచ్ బంద్ ఉంటది. చెలక తొవ్వల పాములు చూసుకునేటందుకే తీస్త. మా బండి 50 ఏండ్లు దాటితే వింటేజ్ అయితదని 2021ల నియమం వచ్చిందట, అంటే ఇంకా చాన ఏండ్లు ఉన్నయ్. అప్పటిదాక నేనుంటనో, బండి ఉంటదో.

ఆ పిల్లగాడు ఏడాది ఇక్కడనే పని చేసి ఊరికి పోయిండు. గంజాం జిల్లాల ఇండ్లకు కరెంట్ పనులు చేస్తున్నడు, దసరాకు ఫోన్ చేస్తడు. చలికాలం భుజం గుంజుతదని ఒక్కసారి అన్నడు, మళ్ల అనలే. ఆ రిలే ఇంకా నడుస్తనే ఉంది, ఒక్కసారి ఫ్యూజు పోయింది, అంతే.

అన్న కొడుకుకు నిన్న ఫోన్ చేసిన. బార్ పీకెయ్యమని అనలే, వయసు పిల్లగాడు వినడు. లైటు వేసి పది నిమిషాలు ఉంచి, స్విచ్ మీద, వైరు మీద చెయ్యి పెట్టి చూడమన్న. రోడ్డు మీద ఎదురుంగ బండి వస్తే ఎన్ని బటన్లు నొక్కుతున్నవో లెక్క పెట్టుకొమ్మన్న. ఆదివారం ట్రాక్టర్ తెస్త అన్నడు. రిలే, ఫ్యూజు తెచ్చి పెట్టిన.