ఇంకో లోకంలో మా వాడు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. పప్పుచారు గురించి, కాస్మెటిక్ ఛార్జీల కోసం ఎదురుచూపుల గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. అందుకని నేను చదివిన రెండు ఇంగ్లీషు నవలల గురించి రాద్దామని కూర్చున్నాను. చివరికి మళ్లీ హాస్టల్‌కే వచ్చి పడ్డాను, ఏం చేయను!

మనం ఉన్న ఈ లోకం పక్కనే ఇలాంటి లోకాలు ఇంకా ఉన్నాయని, వాటిలో మనలాంటి మనుషులే వేరే బతుకు బతుకుతున్నారని కథల్లో చెబుతుంటారు. వీటినే సమాంతర విశ్వాలు అంటారు. ఫిజిక్సులో ఈ ఆలోచనకు చోటు కల్పించినవాడు హ్యూ ఎవరెట్. 1957లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో పిహెచ్‌డి పొందాడు. పరమాణువుల స్థాయిలో ఒక కొలతకు ఎన్ని ఫలితాలు వీలైతే అన్నీ జరుగుతాయి, ఒక్కొక్కటి ఒక్కో శాఖలో, అన్నాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ప్రొఫెసరు కాకుండా అమెరికా రక్షణ శాఖ పనిలోకి వెళ్లాడు. 1982లో 51 ఏళ్లకే చనిపోయాడు.

బ్లేక్ క్రౌచ్ 2016లో రాసిన 'డార్క్ మేటర్'లో జేసన్ అనే షికాగో లెక్చరర్ పెళ్లాం బిడ్డ కోసం పరిశోధన వదులుకుంటాడు. పరిశోధనే ఎంచుకుని పేరు తెచ్చుకున్న ఇంకో జేసన్ వేరే లోకం నుంచి వచ్చి ఇతని ఇల్లు ఆక్రమిస్తాడు. పేరున్నవాడికి ఇల్లు కావాలి! మాట్ హెయిగ్ 2020లో రాసిన 'ది మిడ్‌నైట్ లైబ్రరీ'లో నోరా అనే అమ్మాయి ఒక లైబ్రరీలోకి వెళ్తుంది. అక్కడ ఒక్కో పుస్తకం ఆమె బతకగలిగి ఉండీ బతకని ఒక్కో జీవితం. ఈతగత్తెగా, పాటగత్తెగా, మంచు ప్రాంతాల శాస్త్రవేత్తగా బతికి చూస్తుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చింది. రాత్రి రెండింటి దాకా చదివాను.

చదివాక నిద్ర పట్టలేదు. వీళ్లందరూ తాము పోగొట్టుకున్న బతుకు కోసమే వెతుకుతారు. నా సంగతి అది కాదు.

పదో తరగతి పరీక్షలు రాస్తున్న రోజులు. నా పక్క ట్రంకుపెట్టె వాడు లెక్కల్లో మా అందరికంటే ముందు. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ ఫారం నింపి, జ్వరంతో లేవలేక, పోస్టు చేయమని నాకిచ్చాడు. రిజిస్టరు పోస్టు డబ్బులు కూడా ఇచ్చాడు. నేను ఆ డబ్బుతో మ్యాట్నీకి వెళ్లాను. రేపు పంపుదాంలే అనుకున్నాను. మా నాన్న డబ్బు తెచ్చేసరికి గడువు దాటింది. వాడికి హాల్ టికెట్ రాకపోతే "పోస్టులో పోయిందేమోరా" అన్నాను. నా ఫారం మాత్రం ముందే పంపుకున్నాను. నేను డిప్లొమా చదివాను. వాడు సెంట్రింగ్ పనికి హైదరాబాద్ వెళ్లాడు.

నోరా లైబ్రరీలో వాడి పుస్తకం ఉండదు. అక్కడివన్నీ ఆమెవే. ఎవరెట్ లెక్క ప్రకారమైతే ఒక శాఖ నుంచి ఇంకో శాఖలోకి పోయే దారే లేదు. నవలల వాళ్లు ఆ ఒక్కచోట మనల్ని మోసం చేస్తారు. పైగా ఆయన చెప్పింది పరమాణువుల కొలతల సంగతి. నేను సినిమాకి వెళ్లడం వల్ల ఇంకో లోకం పుట్టిందని ఆయన అనలేదు. వాడు ఇంజనీరయిన లోకం ఒకటుందని నమ్మితే నాకు హాయిగానే ఉంటుంది. కానీ సెంట్రింగ్ చెక్క మోసి భుజం కాయకట్టింది ఈ లోకంలో.

కలిసినప్పుడల్లా వాడే టీ డబ్బులిస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేకపోయాను. ఈసారి వార్షికోత్సవానికి వస్తానన్నాడు. తమ్ముళ్లూ, సంచిక అచ్చయ్యాక మొదటి కాపీ నాకివ్వండి. వాడికి నా చేత్తోనే ఇస్తాను.