సహనం పేరిట దాచిన నొప్పి

మా ఇంటి విషయాన్ని పత్రికకు వ్రాయడానికి మేము చాలాకాలం సంకోచించాము. స్త్రీల జబ్బులను గురించి, అందునా రొమ్ము క్యాన్సర్‌ను గురించి, మన ఇళ్ళలో గొంతు తగ్గించి మాట్లాడుకోవడం పరిపాటి. ఆ గుసగుసలలో పడి అవసరమైన మాటలెన్నో బయటకు రాకుండానే పోతున్నాయి. చివరకు మా ఇంటివారే, "వ్రాయండి. ఇంకొక ఆడబిడ్డకైనా నేను పడిన బాధ తప్పుతుంది" అన్నారు. ఆమె అనుమతితోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నాలుగేళ్ళ క్రితం ఆమెకు కుడివైపు శస్త్రచికిత్స జరిగింది. చంకలోని లింఫు గ్రంథులను కూడా తీసివేశారు. ఆ తరువాత మందులు ఎక్కించారు, కరెంటు పెట్టారు. అల్లాహ్ దయతో జబ్బు లొంగింది. గండం గడిచిందని షుక్రానా నమాజు చేసుకున్నాము. ఏడాదిన్నర గడిచాక, రంజాన్ నెలలో ఒకనాటి సాయంత్రం ఇఫ్తార్ ఏర్పాట్లు చేస్తూ ఆమె కుడిచేతి గాజులు తీయబోతే రాలేదు. సబ్బు నీళ్ళు పోసినా రాలేదు. చివరకు ఒక్కొక్కటిగా పగులగొట్టవలసి వచ్చింది. ఎడమచేతి గాజులు మాత్రం ఎప్పటిలాగే వదులుగా ఉన్నాయి.

ఆ వాపును చూసి తలకొక మాట అన్నారు. కాకినాడ నుండి వచ్చిన మా వదినగారు అది బోదవాపేనన్నారు. కోస్తా జిల్లాలలో బోదకాళ్ళు చూసినవారికి ఆ అనుమానం రావడం సహజమే. మరొకరు దిష్టి అన్నారు. ఇంకొకరు దర్గా నుండి తెచ్చిన నల్లదారాన్ని ఆమె దండచేతికి బిగించి కట్టారు. ఆ దారాన్ని మేము ఆ రాత్రే విప్పించాము. రోగాన్ని నయం చేసేవాడు అల్లాహ్ ఒక్కడేనని, దారాలు కాదని ఒక చిన్న ప్రసంగం కూడా చేశాము. అంతవరకు బాగానే ఉంది. మూడు వారాల తరువాత ఆ దారంకంటె గట్టి కట్టును మా చేతులతో మేమే కొని తెచ్చాము.

సంగతి ఇలా జరిగింది. వైద్యుడు చేతిని పరీక్షించి, ఇది బోద కాదని, దోమల వలన వచ్చినది కాదని, దీనిని లింఫెడీమా అంటారని చెప్పాడు. మన దేహంలో రక్తనాళాలతోపాటు లింఫు అనే ద్రవాన్ని మోసుకుపోయే సన్నని నాళాలు కూడా ఉంటాయి. చేతి నుండి వచ్చే ఆ ద్రవం చంకలోని గ్రంథుల గుండా వెళుతుంది. గ్రంథులను తీసివేసినా, కరెంటు వలన అవి దెబ్బతిన్నా, దారి మూసుకుపోయిన కాలువలాగా ద్రవం చేతిలో నిలిచిపోతుంది. చంకలోని గ్రంథులను ఎక్కువగా తీసివేసిన స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుందట. కొందరికి నెలలలో, మరికొందరికి ఏళ్ళు గడిచాక కనిపిస్తుంది. పూర్తిగా పోవడం అరుదు గాని, జాగ్రత్త పడితే అదుపులో ఉంటుంది. అందుకు చేతికి బిగుతుగా తొడుక్కునే సాగే తొడుగు వాడాలని, దానిని కంప్రెషన్ స్లీవ్ అంటారని చెప్పి, కొలతలు ఇచ్చి తీసుకోమన్నాడు.

కొలతల దగ్గరే మేము తప్పటడుగు వేశాము. కడపలో మేము వెళ్ళిన దుకాణంలో అందరూ మగవారే. పరపురుషుడు మా ఇంటివారి చేతిని ముంజేతి నుండి చంక వరకు టేపు పెట్టి కొలవడం మా మనస్సుకు నచ్చలేదు. ఆమెను ఇంటిలోనే ఉంచి, కుర్తా చేతిమీదుగానే దారంతో రెండుచోట్ల కొలిచి, ఆ దారాన్ని జేబులో వేసుకుని వెళ్ళాము. దుకాణదారుడు దారాన్ని చూసి, "మీడియం సరిపోతుంది" అని ఒక స్లీవ్ ఇచ్చాడు. సిగ్గును, పరదాను కాపాడుకున్నామన్న తృప్తితో ఇంటికి వచ్చాము.

ఆమె దానిని రోజూ తొడుక్కున్నారు. మేము అడిగినప్పుడల్లా "బాగానే ఉంది" అన్నారు. నెల తిరిగేసరికి ముంజేయి కాస్త తగ్గినట్టు కనిపించింది గాని, అరచేయి, వేళ్ళు ఉబ్బిపోయాయి. ఒకరోజు తహజ్జుద్ వేళ లేచి చూస్తే, ఆమె చీకటిలో కూర్చుని చేతిని నిమురుకుంటున్నారు. దీపం వేసి చూశాము. దండచేతిపైన, తొడుగు అంచు ఉండేచోట, చుట్టూ ఎర్రని గాడి పడి ఉంది. చర్మం కమిలి, దద్దురు లేచింది.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?" అని అడిగాము.

"చెబితే మళ్ళీ ఖర్చు కదండీ. అయినా మీరే చెబుతారుగా, బాధ కలిగితే సబ్ర్ చేయాలని. చేస్తున్నాను" అన్నారు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా మదరసాలో పిల్లలకు సబ్ర్‌ను గురించి పాఠం చెబుతున్నాము. ఆ పాఠం మా ఇంటిలో ఏ రూపం దాల్చిందో ఆ రాత్రి కళ్ళారా చూశాము. అయ్యూబ్ (అలైహిస్సలాం) సహనానికి ఆదర్శం. ఆయన సైతం తన బాధను తన ప్రభువుకు విన్నవించుకున్నారు. నొప్పిని చెప్పుకోవడం సహనానికి విరుద్ధం కాదు. నివారించగలిగిన నొప్పిని దాచుకోవడం సహనం కాదు. దేహానికి కూడా మనపై హక్కు ఉందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఆ హక్కును కాలరాసినది ఆమె కాదు, కొలవకుండా కొని తెచ్చిన మేము.

మరునాడు విచారించగా తిరుపతిలో ఈ వాపుకు చికిత్స చేసే ఒక మహిళా ఫిజియోథెరపిస్టు ఉన్నారని తెలిసింది. నిజానికి మేము మొదటే అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. పరదాకు భంగం లేని మార్గం ఉండగానే వెదకకుండా, పరదాను సాకుగా చెప్పుకున్నామన్నమాట. మహిళా వైద్యులు దొరకనిచోట చికిత్స అవసరమైనంత మేరకు పురుష వైద్యునికి చూపడానికి కూడా మన ధర్మశాస్త్రంలో అనుమతి ఉన్నదని మేమే విద్యార్థులకు బోధిస్తూ ఉంటాము.

ఆ సోదరి మేము కొన్న తొడుగును చూసి తల పట్టుకున్నారు. స్లీవ్ మణికట్టు వద్ద ఎక్కువ బిగుతుగా, పైకి పోయేకొద్దీ క్రమంగా వదులుగా ఉండాలట. అప్పుడే ద్రవం పైకి కదులుతుంది. మా తొడుగు పైఅంచున బిగిసి, ఆనకట్టలాగా అడ్డుపడింది. మణికట్టు వరకే ఉండడం వలన ద్రవం అరచేతిలోకి దిగింది. అరచేయి వాచేవారికి స్లీవ్‌తోపాటు వేళ్ళ తొడుగు కూడా కావాలట. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు స్లీవ్ తొడగకూడదని, ముందు పొరలు పొరలుగా కట్లు కట్టి వాపు తగ్గించి, తగ్గిన చేతికి కొలతలు తీయాలని చెప్పారు. మూడు వారాలు కట్లు కట్టారు. ఆ తరువాత ఒక ఉదయం పూట మణికట్టు మొదలు ప్రతి నాలుగు సెంటీమీటర్లకు ఒకచోట, చంక వరకు, రెండు చేతులూ కొలిచి వ్రాసుకున్నారు.

ఆమె వద్ద మేము నేర్చుకున్న సంగతులలో కొన్నింటిని పాఠకుల కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాము. స్లీవ్ ఒత్తిడిని రక్తపోటులాగే పాదరసం మిల్లీమీటర్లలో చెబుతారు. 15–20, 20–30, 30–40 అని తరగతులు ఉంటాయి. ఏది కావాలో చికిత్సకులే నిర్ణయించాలి. ఎక్కువ ఒత్తిడి ఉంటే ఎక్కువ మేలు అనుకోరాదు. కుట్టు లేకుండా గుండ్రంగా అల్లినవి పలుచగా, మెత్తగా ఉంటాయి. వాపు కొద్దిగా ఉండి చేయి ఆకారం మారనివారికి అవి సరిపోతాయి. కుట్టుతో బల్లపరుపుగా అల్లినవి దళసరిగా ఉంటాయి గాని మడతలలోకి కోసుకుపోవు. చేయి ఎగుడుదిగుడుగా మారినవారికి వాటిని కొలత ప్రకారం చేయిస్తారు. పైఅంచున జారకుండా ఉండే సిలికాన్ పట్టీ కొందరికి పడదు. మా ఇంటివారికి దద్దురు వచ్చినది దానివలననే. పట్టీ లేనివి కూడా దొరుకుతాయి.

ఉదయం వాపు తక్కువగా ఉన్నప్పుడే తొడుక్కోవాలి. తడి లేకుండా తుడుచుకోవాలి. తొడుక్కునే ముందు క్రీములు రాయరాదు. పాత్రలు తోమే రబ్బరు గ్లవుజు వేసుకుని సవరిస్తే ముడతలు లేకుండా సులువుగా ఎక్కుతుంది. పొడవెక్కువైతే పైఅంచును మడవకూడదు, ఆ మడత ఉచ్చులాగా బిగుస్తుంది. వేళ్ళు తిమ్మిరెక్కినా, రంగు మారినా, నొప్పి పుట్టినా వెంటనే తీసివేయాలి. రాత్రి తొడుక్కోమని ప్రత్యేకంగా చెబితే తప్ప పడుకునేటప్పుడు తీయాలి. రోజూ మెత్తని సబ్బుతో ఉతికి, పిండకుండా నీడన ఆరవేయాలి. అందుకే రెండు ఉండాలి. ఆరు నెలలకు సాగే గుణం తగ్గిపోతుంది గనుక మార్చుకోవాలి. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది చర్మానికి సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చును. తెల్లవారేదాకా ఆగకుండా వైద్యుని వద్దకు వెళ్ళాలి.

వాచిన చేతితో ఏ పనీ చేయరాదని కూడా మేము అనుకున్నాము. అది సరికాదు. 2009లో అమెరికాలో ఈ వాపు ఉన్న 141 మంది స్త్రీలపై జరిపిన పరిశోధనలో, స్లీవ్ తొడుక్కుని క్రమక్రమంగా బరువులు ఎత్తే వ్యాయామం చేసినవారిలో వాపు పెరగలేదని తేలింది. ఇప్పుడు చపాతీలు మళ్ళీ ఆమే వత్తుతున్నారు.

ఇక మన ఇళ్ళలో తప్పక ఎదురయ్యే ప్రశ్న వుజూ. రోజుకు ఐదుసార్లు విప్పి తొడుక్కోవడం ఆమెకు కష్టమై, నమాజుపై బెంగ పట్టుకుంది. మేము మా ఊరి ముఫ్తీగారిని సంప్రదించాము. మూడు వారాలు కట్లు ఉన్న కాలంలో, వాటిని విప్పితే చికిత్సకు హాని గనుక, గాయంపై కట్టిన కట్టు వలె వాటిపై తడిచేత్తో మసహ్ చేస్తే చాలునన్నారు. మన హనఫీ మజ్‌హబ్‌లో దీనికి తోలు మేజోళ్ళ మసహ్ వలె రోజుల గడువు లేదు. కట్టేటప్పుడు వుజూతో ఉండవలెనన్న నియమమూ లేదు. స్లీవ్ సంగతి వేరు. హాని లేకుండా తీయగలిగితే తీసి చేతిని కడగాలి. ఆమె ఇప్పుడు ఫజ్ర్ తరువాత తొడుక్కుంటారు, జుహర్‌కు తీసి వుజూ చేసి, వీలైతే ఆ వుజూతోనే అస్ర్ చేసుకుంటారు. మగ్రిబ్‌కు తీసేవేళ చేతికి కాసేపు గాలి తగులుతుంది. ఒక్కొక్కరి పరిస్థితి ఒక్కో విధంగా ఉంటుంది గనుక, పాఠకులు తమ చికిత్సకులను, తమ ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవాలి.

కొత్త స్లీవ్‌కు, వేళ్ళ తొడుగుకు కలిపి మొదటిదానికంటె నాలుగు రెట్లు ఖర్చయింది. అది తొడుక్కున్న మొదటి రోజు సాయంత్రం, "ఎలా ఉంది?" అని అడిగాము. ఆమె కాసేపు ఆలోచించి, "మోచేతి దగ్గర కొంచెం ముడత పడుతోంది" అన్నారు. ఆ మాట విని మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. రబ్బరు గ్లవుజు వేసుకుని ఆ ముడతను మేమే సవరించాము.

సోదరులారా! మీ ఇంటిలోని స్త్రీ "బాగానే ఉంది" అన్నప్పుడు అక్కడితో ఆగకండి. మరొకసారి అడగండి, చేతిని చూడండి. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. వారి బాధను సకాలంలో గుర్తించే చూపును మనకు ప్రసాదించుగాక. ఆమీన్.