వేపచెట్టు దాకా

అక్టోబరు 19, 2025

చుక్క ఇవాళ మళ్ళీ ఆగింది. అదే చోట. గేటు దాటి చెరువు బాటలో కొంత దూరం వెళ్ళాక, వేపచెట్టు దగ్గర. మడమలు నొక్కాను, తోక విసిరింది. ఇంకాస్త గట్టిగా నొక్కాను, రెండడుగులు వెనక్కి వేసింది. చివరికి దిగి పగ్గం పట్టుకుంటే, ఏమీ ఎరగనట్టు మెత్తగా నా వెనకే లాయం దాకా నడిచొచ్చింది.

ఆగస్టులో ఇదే గుర్రం గేటు తీసేలోపే బయటికి లాగేది.

అక్టోబరు 22

చాచా తీర్పు: "మొండికేసిందమ్మా. రెండు పడితే దారికొస్తది." చాచా మా సైసు, ముప్ఫై ఏళ్ళుగా గుర్రాలతోనే బతుకు. కోచ్ గారు అదే మాటను ఇస్త్రీ చేసి చెప్పారు: "గారాబం ఎక్కువైంది మేడం. స్పర్స్ వేసుకోండి."

స్పర్స్, అంటే బూటు మడమకు తొడిగే ముళ్ళు, వేసుకోలేదు. కానీ బెత్తం తీసుకున్నాను. ఒక్కటే వేశాను. కదిలింది. చెట్టు దాటింది. గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను.

సాయంత్రం బెల్లంముక్క పట్టుకుని వెళితే, గోడ వైపు తిరిగి నిలబడింది.

అక్టోబరు 23

సుమతీ శతకం వల్లె వేయని తెలుగు పిల్లలుండరు. అక్కరకు రాని చుట్టంతోనూ, మొక్కినా కరుణించని దేవుడితోనూ కలిపి, యుద్ధంలో ఎక్కితే కదలని గుర్రాన్ని కూడా వెంటనే వదిలేయమంటాడు బద్దెన. మూడో క్లాసులో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. ఆ గుర్రం ఎందుకు కదల్లేదో మా టీచరు అడగలేదు. నేనూ అడగలేదు.

అక్టోబరు 30

వారం రోజులు ఎక్కలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఎక్కే హడావుడిలో ఇన్నాళ్ళు కంటపడనివి చాలా ఉన్నాయి.

జీను భుజాన వేసుకుని చాచా వస్తుంటే దూరం నుంచే చెవులు వాలిపోతున్నాయి. చుక్క మార్వాడీ జాతిది, నాలుగేళ్ళది. ఈ జాతి చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతాయి, నెత్తిన నమస్కారం పెట్టినట్టు. ఆ నమస్కారం విడిపోయి వెనక్కి పడుకుంటే ఎంత దూరానికైనా కనబడుతుంది. తంగు బిగిస్తుంటే, అంటే పొట్ట కింది పట్టీ, మెడ తిప్పి గాలిని కొరుకుతోంది. ఎడమ పక్క కుంచెతో దువ్వుతుంటే చర్మం వణికిపోతోంది.

"ఇది ఎప్పట్నుంచి చాచా?"

"దసరా ముందు నుంచి. నువ్వడగలే కదమ్మా."

(ఆడగుర్రానికి తెలుగులో 'గోడిగ' అనే చక్కటి మాట ఉంది. నిఘంటువులోనే మిగిలిపోయింది. చాచా 'ఘోడీ' అంటుంటే మాత్రం రెండూ చుట్టాల్లా వినిపిస్తాయి.)

నవంబరు 2

సూ డైసన్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు, మనిషి ఎక్కినప్పుడు గుర్రం నొప్పిని ఎలా చూపిస్తుందో 24 లక్షణాలుగా రాసిపెట్టారు. చెవులు ఐదు సెకన్లకు మించి వెనక్కి వాలి ఉండటం, తోక విసరడం, పళ్ళు విడివడేలా నోరు పది సెకన్ల పాటు తెరిచి ఉంచడం, ముందుకు కదలనని మొరాయించడం... ఇలాంటివి. ఎనిమిదో అంతకు మించో కనబడితే నొప్పి ఉందని గట్టిగా అనుమానించాలట.

మా అబ్బాయి సెప్టెంబరులో ఫోన్‌లో తీసిన వీడియో ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. తొమ్మిది. అదే వీడియోను బంధువులందరికీ పంపాను అప్పట్లో. గుర్రం మీద నేను ఎంత నిటారుగా కూర్చున్నానో చూడమని.

నవంబరు 5

డాక్టరు గారు వచ్చారు. ముందు గిట్టలు, తరువాత వీపు, ఆఖరున నోరు. ఎడమవైపు పైవరసలో ఒక దవడపన్ను మీద పాలపన్ను తొడుగు ఊడీ ఊడకుండా వేలాడుతోంది. కొత్త పన్ను చిగురులోంచి తోస్తుంటే పాతది దాని కొసన టోపీలా కూర్చుంటుంది. నాలుగేళ్ళ వయసులో ఇది మామూలే. పటకారుతో లాగేశారు. నా అరచేతిలో పెడితే, వేళ్ళు లేని పల్చటి పెంకు. దీన్ని నోట్లో పెట్టుకుని నా పగ్గం లాగుడు భరించింది.

తరువాత పొట్ట గురించి అడిగారు. రాత్రి గడ్డి ఎన్నింటికి వేస్తారు? ఏడింటికి. మళ్ళీ? పొద్దున స్వారీ అయ్యాక. ఆయన ఏమీ అనలేదు, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. కడుపు పై భాగానికి ఆమ్లాన్ని తట్టుకునే పూత లేదు. ఖాళీ కడుపుతో పరిగెత్తిస్తే పొట్ట కండరాలు బిగిసి ఆ ఆమ్లం పైకి చిమ్ముతుంది. ఇలాంటి పుండ్లు పడేది అక్కడే. మూడు మీటర్ల కెమెరా గొట్టం లోపలికి దింపితే తప్ప ఖాయంగా తేలదు. ఆ పరికరం తన దగ్గర లేదు కాబట్టి 28 రోజులు మందు వేసి చూద్దామన్నారు. ఒమెప్రజోల్. పొద్దున్నే పరగడుపున నేను మింగేదీ అదే మాత్ర. నాది చిన్న బిళ్ళ, దానిది పెద్ద సిరంజిలో పేస్టు.

రాత్రి పదింటికి ఇంకో మోపు గడ్డి. స్వారీకి అరగంట ముందు రెండు గుప్పిళ్ళ లూసర్న్ గడ్డి. ఉలవలు తగ్గించాలి. చాచాకు ఈ చివరిది నచ్చలేదు.

నవంబరు 8

జీను సంగతి. ఆగస్టులో కాన్పూరు జీను కొన్నప్పుడు, జీను అమ్మినతను మెత్తటి తీగను చుక్క మూపు మీద వంచి, ఆ వంపును అట్టముక్క మీద గీసిచ్చాడు. పారేయకపోవడం అదృష్టం. ఇవాళ కరెంటు తీగ ముక్కతో మళ్ళీ కొలిచి దాని పక్కనే గీశాను. రెండు గీతలూ ఒక గుర్రానివి కావు. మూపు లేచింది, దానికి ఇరువైపులా వీపు వెడల్పయింది. జీను మాత్రం ఆగస్టులోనే ఉండిపోయింది.

పిల్ల గుర్రం ఒక్కసారిగా పెరగదు. వెనక భాగం ముందు లేస్తుంది, కొన్నాళ్ళకు మూపు దాన్ని అందుకుంటుంది. వెన్నుపూసల ఎదుగుదల ఐదారేళ్ళ దాకా సాగుతుంది. బడి పిల్లల బూట్లయితే ఏటా మారుస్తాం.

నవంబరు 9

జీను తిప్పి చూస్తే ఎడమవైపు దూది గడ్డకట్టి ఉంది. ఎడమ పక్కే ఎందుకో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎప్పుడూ నేలమీద నుంచే, ఎడమ రికాబులో కాలు పెట్టి, నా డెబ్భై కిలోలూ అటు వేలాడదీసి ఎక్కుతాను. ఇకనుంచి ఎత్తుపీట. జీను విప్పి మళ్ళీ నింపడానికి ఇచ్చాను.

నవంబరు 17

పాత స్వారీ పుస్తకాల గురించి చదువుతున్నాను. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే జెనోఫన్ అనే గ్రీకు సేనాని రాశాడు, కోపంతో గుర్రం జోలికి పోవద్దని. ఆ తరువాత దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళకు, 1550లో, నేపుల్స్‌లో గ్రిసోనె అనే గురువు పుస్తకం వచ్చింది. కదలనని మొరాయించే గుర్రానికి ఆయన మందు: కర్రకు పిల్లిని కట్టి వెనక కాళ్ళ మధ్య పెట్టడం. ముళ్ళపందినీ, మండే గడ్డినీ కూడా వదల్లేదు. కాలం గడిచేకొద్దీ జ్ఞానం పెరుగుతుందని ఎవరన్నారో!

చాచాకు పిల్లి సంగతి చెప్పాను. "పాపం బిల్లీ" అన్నాడు. గుర్రం మాటెత్తలేదు.

డిసెంబరు 7

మందు అయిపోయింది. నెలరోజులూ జీను లేకుండా, తాడుతో నడకే. దువ్వితే వణకడం లేదు. కానీ దేనివల్ల నయమైందంటే చెప్పలేను. పన్నా, పుండా, దూదా, ఊరికే విశ్రాంతా? అన్నీ ఒకేసారి మార్చేశాను. డాక్టరు గారు కూడా భుజాలు ఎగరేశారు.

డిసెంబరు 14

ఎక్కాను. పది నిమిషాలు, నడకే, మైదానంలోనే. చెవులు నమస్కారంలోనే ఉన్నాయి. నా కళ్ళు తడిశాయి. చాచా అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

డిసెంబరు 21

బాటలోకి వెళ్ళాం. వేపచెట్టు దగ్గర ఆగింది.

గుండె జారింది. కానీ తోక విసరలేదు, చెవులు వాలలేదు, నోరు తెరవలేదు. ఊరికే నిలబడింది, స్టాపు వచ్చింది దిగండన్నట్టు. నేనే నేర్పాను మరి. అక్టోబరులో అది ఆగినప్పుడల్లా ఇక్కడే దిగి, బరువు తీసేసి, ఇంటికి తీసుకెళ్ళాను. నొప్పి పోయినా పాఠం పోలేదు.

డిసెంబరు 28

కొత్త పాఠం. చెట్టు దగ్గర ఆగితే బతిమాలను, తిట్టను. ఒక అడుగుకు మడమ, అడుగు పడగానే కాలు వదులు. మళ్ళీ ఒక అడుగు. అలా చెట్టు దాటి, ముందున్న తుమ్మచెట్టు దగ్గర దిగుతాను. తంగు వదులు చేస్తాను. బెల్లం. నడిచి వాపసు. చలిలో మొయినాబాద్ రోడ్డు మీద పాల బండ్ల వాళ్ళు వింతగా చూస్తున్నారు, గుర్రం ఉండి నడుస్తుందేమిటీవిడ అని.

జనవరి 4, 2026

వేపచెట్టును పట్టించుకోకుండా దాటేసింది. తుమ్మచెట్టు దగ్గరకు రాగానే ఠక్కున ఆగి, మెడ తిప్పి నా జేబు వైపు చూసింది.

చాచా ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. రేపు గుట్ట దాకా వెళ్ళి దిగాలి.