మా బొగ్గుగాడి కడుపు

మాది కొత్తగూడెం. బొగ్గు గనుల ఊరు కదా, నల్లగా ఉందని మా కుక్కకి 'బొగ్గు' అని పేరు పెట్టాం. పోయిన వానాకాలం వాడి కాలికి పుండైతే డాక్టరుగారు యాంటీబయాటిక్ రాశారు. పుండు మానింది, విరేచనాలు పట్టుకున్నాయి.

యాంటీబయాటిక్‌కి మంచీ చెడూ తెలీదు. పుండులోని క్రిములతోపాటు పేగుల్లో ఉండే మేలు చేసే బ్యాక్టీరియానీ చంపేస్తుంది. అందుకే ఈసారి ప్రోబయాటిక్ పొడి ఇచ్చారు. ప్యాకెట్ మీద 'ఎంటెరోకాకస్ ఫీసియం' అని ఉంది. అది బతికున్న బ్యాక్టీరియానే. ప్రీబయాటిక్ అంటే ఆ బ్యాక్టీరియాకి మేత, ఇన్యులిన్ లాంటి పీచు.

"ఇంత పెరుగన్నం పెడితే పోయేదానికి పొడులెందుకురా?" అంది నానమ్మ. ఆమె మాట ఉత్తదేం కాదు. పెరుగులోని బ్యాక్టీరియా మేలు గురించి 1907లోనే మెచ్నికాఫ్ పుస్తకం రాశాడు. కాకపోతే పాలచక్కెర అన్ని కుక్కలకీ పడదు. బొగ్గుగాడికి పడింది. పొడీ, పెరుగన్నం రెండూ తిని వారంలో లేచాడు.

పక్కింటి కుక్కపిల్లకీ రెండు రోజులు పెరుగన్నమే పెట్టారు. దానికొచ్చింది పార్వో. బతకలేదు. వాంతులు, నెత్తురు విరేచనాలు కనిపిస్తే పెరుగూ చాలదు, పొడీ చాలదు. వెంటనే డాక్టరు, సెలైన్ కావాలి. అంతకన్నా ముందు టీకా.

మన మెస్ వెనక నాలుగు పిల్లలు తిరుగుతున్నాయి. పెరుగన్నం వేస్తే ఉల్లిపాయ తీసేసి వేయండి, అది కుక్కలకి విషం. టీకాలకి మాత్రం తలా కొంచెం వేసుకుందాం.