రెండు లీటర్ల జగ్గు



నలుగురి యెదుట చెప్పుకొనని సంగతి యొకటి నేడు మీకు చెప్పబోవుచున్నాను. మీలో పొలము పనిచేయువారున్నారు, దినదినము పేడ యెత్తు తల్లులున్నారు. కాబట్టి మలమను మాట చూచి పత్రిక మూసివేయరని నా నమ్మకము.

క్రిందటి సంక్రాంతి తరువాత నాకు మలములో నెత్తురు కనబడెను. మొలలని నేనే తీర్మానించితిని. మన ఊళ్లలో ఎవరికి నెత్తురు పడినను మొలలే గదా! కారము మానితిని, నాటుమందు తింటిని. అయిదు నెలలు నా భార్యకు సహితము చెప్పలేదు. ఆదివారము సంఘములో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి, "గ్యాసు బాధ, ప్రార్థించండి" అంటిని. పాపము, సంఘమంతయు నా గ్యాసు కొరకు భారముతో ప్రార్థించెను.

ఒకనాడు నా భార్య పంచె ఉతుకుచు మరక చూచి, "ఏమండీ, ఇది ఎన్నాళ్లనుంచి?" అని అడిగెను. మరునాడే నన్ను గుంటూరు తీసికొనిపోయెను.

డాక్టరుగారు కొలనోస్కోపీ చేయవలెననిరి. వ్రేలంత లావు గల మెత్తని గొట్టము, దాని కొనను దీపమును కెమెరాయును ఉండును. దానిని వెనుకనుండి పంపి సుమారు అయిదడుగుల పెద్ద పేగును చివరివరకు చూతురు. లోపల పాలిప్ అను చిన్న కండ కనబడినయెడల తీగ ఉచ్చుతో అక్కడనే తీసివేయుదురు. 1969లో న్యూయార్కులో హిరోమి షిన్యా అను వైద్యుడు కడుపు కోయకుండ ఈ విధముగా మొదట తీసెనట. అట్టి కండలలో కొన్ని ఏండ్ల తరబడి ఊరకుండి తరువాత క్యాన్సరుగా మారునని చెప్పిరి.

"మీ ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా, మాస్టారూ?"

"లేదండీ" అంటిని.

చదువరులారా, అది అబద్ధము. మా అన్నయ్య 1998లో ఏబది రెండేండ్లకు ఆ రోగముతోనే పోయెను. "కడుపులో గడ్డ" అని ఊరిలో చెప్పుకొంటిమి. మనుమరాలికి సంబంధము చూచుచున్న సమయమున ఆ మాట కాగితమెక్కుట నాకిష్టము లేకపోయెను.

సిస్టరమ్మ ఒక పొడి పొట్లమును, ఒక కాగితమును ఇచ్చెను. మూడు దినములు ఆకుకూరలు, గింజలున్న పండ్లు, జొన్నలు, పొట్టుపప్పులు తినరాదు. తెల్లన్నము, పెరుగు, ఇడ్లీ తినవచ్చును. ముందునాడు తేట ద్రవములే: కొబ్బరినీళ్లు, వడకట్టిన నిమ్మరసము, పాలులేని టీ. ఎర్రని పానీయము త్రాగరాదు, లోపల నెత్తురని భ్రమపెట్టును. ఐరన్ బిళ్లలు ముందే ఆపవలెను. చక్కెర వ్యాధికిగాని నెత్తురు పలుచనగుటకుగాని బిళ్లలు వేసికొనువారు తామే ఆపివేయక డాక్టరు నడుగవలెను. పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలిపి సగము సాయంకాలము, సగము తెల్లవారుజామున త్రాగవలెను.

ఇదంతయు విని తలయూపి ఇంటికి పోతిని. పెరటిలో జామచెట్టు విరగకాసియుండెను. జామగింజ యెంత! రెండు కాయలు తింటిని. సాయంకాలము ఒక లీటరు ఎట్లో మ్రింగితిని. అది చేదు గాదు, తీపి గాదు, ఉప్పు వేసిన కుడితి వలె నుండెను. ఇక తెల్లవారుజాము లీటరు మిగిలెను. ఆరుగంటలకు బస్సెక్కవలెను గదా, దారిలో కడుపు కదిలిన ఎక్కడ దిగుదును? ఆ భయముతో ముప్పాతికవంతు అరటిచెట్టు మొదట పోసితిని.

మత్తునుండి లేచునప్పటికి డాక్టరుగారు ప్రక్కన నిలిచియుండిరి. "మాస్టారూ, పేగు సగమైనా కనబడలేదు. జామగింజలు గొట్టానికి అడ్డుపడ్డాయి. పొద్దున మందంతా తాగారా?"

నేను నోరు తెరువకముందే నా భార్య, "అరటిచెట్టు తాగిందండీ" అనెను.

ఆయన కోపపడలేదు. చిన్నపేగునుండి పైత్యము రాత్రియంతయు దిగి పెద్దపేగు మొదటిభాగమున పేరుకొనును, దానిని కడుగునది తెల్లవారుజాము నీళ్లే అని వివరించిరి. ఆ పొడి ఒంటికి పట్టదట, నీటిని పేగులోనే నిలిపి మురికితో కూడ వెళ్లగొట్టునట. పిల్లలకు ముప్పది ఏండ్లు పాఠము చెప్పినవాడను, ఎందుకని ఒక్కసారైనను అడుగనైతిని. అప్పుడు అన్నయ్య సంగతి చెప్పితిని. ఆయన కలము ఆపి, "ఆయనకు పిల్లలున్నారా?" అనిరి.

రెండవసారి ముందునాడే గుంటూరు చేరి మా వదినగారి యింట దిగితిమి. అన్నయ్య పోయిన తరువాత ఆమె కొడుకుతో అక్కడనే యున్నది. ఆస్పత్రి నడకదూరము, మరుగుదొడ్డి గదిప్రక్కనే. దూరపు ఊళ్లవారలారా, బంధువుల యిల్లో లాడ్జి గదియో ముందే చూచుకొనుడి. తోడు మనిషి తప్పక యుండవలెను. మత్తిచ్చిన దినమున బండి నడుపరాదు.

మా వదిన స్టీలు జగ్గులో మందు కలిపి, నిమ్మకాయ పిండి, చల్లబెట్టెను. పావుగంటకొక గ్లాసు తానే అందించెను. రాత్రి ఎన్నిమార్లు లేచితినో లెక్కలేదు. మూడు గంటలకు రెండవ జగ్గుతో వచ్చి మంచము ప్రక్కన కూర్చుండి, "మీ అన్నయ్య కూడా ఎవరికీ చెప్పలేదు మరిదీ. నాకు తెలిసేసరికి అన్నం కూడా దిగడంలేదు" అనెను. ఇరువది యేండ్లకు పైగా ఆ మాట ఆమె నోట నేను వినలేదు. గ్లాసు పుచ్చుకొని చివరి చుక్కవరకు త్రాగితిని. తెల్లవారునప్పటికి లేతపసుపు నీరు తప్ప మరేమియు రాలేదు. అట్లుండుటయే గురుతని సిస్టరమ్మ చెప్పియుండెను.

పరీక్ష అరగంటలో ముగిసెను. రెండు కండలు దొరికెను. ద్రాక్షపండంతటిది క్రిందిభాగమున, శనగగింజంతటిది మొదటిభాగమున, అనగా మొన్న మురికిచాటున దాగిన చోట. రెంటిని తీసి పరీక్షకు పంపిరి. ఎనిమిది దినములు నిద్రలేదు. క్యాన్సరు కాలేదు, కాదగిన జాతివేయని రిపోర్టు వచ్చెను. మూడేండ్లకు మరల రమ్మనిరి.

ఆదివారము సంఘములో లేచి గ్యాసు సంగతి సరిదిద్దితిని. వెనుక వరుసలో నుండిన ఇద్దరు కూటము ముగిసిన తరువాత చింతచెట్టు క్రింద నా కొరకు కనిపెట్టుకొని యుండిరి.

అన్నయ్య కొడుకునకు నలుబది రెండేండ్లు. తండ్రికి ఆ రోగమున్నందున వానికి నెత్తురు కనబడకపోయినను పరీక్ష చేయవలెనని డాక్టరుగారి మాట. వాడు నవ్వి, తీరికలేదని రెండు వారములు దాటవేసెను. నిన్న మా వదిన ఫోనుచేసి, వచ్చే సోమవారము ఖాయమైనదనియు, ఇంట జామకాయలు లేకుండ చేసితిననియు చెప్పెను. జగ్గు తోమి ఎదురుగా బల్లమీద పెట్టినదట.