కొయ్యలోని పలుకు

మన హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షిని చూడని విద్యార్థి యరుదు. పదునారవ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమందు, పెనుకొండలో రాజోద్యోగియైన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు కట్టించిన వీరభద్రాలయమది. దాని నాట్యమంటపమున రంభ నర్తించుచుండగా తుంబురుడు వీణ మీటుచున్నట్లును, బ్రహ్మ మద్దెల వాయించుచున్నట్లును స్తంభములమీద మలచియున్నారు. రాతివీణకు ఎండభయము లేదు, వానభయము లేదు. తంతి తెగదు, శ్రుతి తప్పదు. అయినను అది పలుకదు. పలికెడి వాద్యమునకు రాయి చాలదు, కొయ్య కావలెను. కొయ్య కావలసినచోట వడ్రంగియు కావలెను. ఆ వడ్రంగినిగూర్చియు, అతని చిన్న దుకాణమునుగూర్చియు మాకు తెలిసిన నాలుగు మాటలను ఈ సంచికలో చదువరులకు విన్నవించుచున్నాము.

మన తెలుగుదేశమున వీణల పనికి పేరుగన్న చోట్లు బొబ్బిలియు నూజివీడును. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారను వంశములవారు తరతరములుగా వీణలు చేయుచున్నారు. పనస దుంగ నొకదానినే తొలిచి, కుండయు దండియు అతుకులేకుండ తీర్చుట వారి పనితనము. కుండమీద పలుచని పలకను మూసి, దానిపై గుర్రమును నిలిపి, నాలుగు వాయించు తంతులను, మూడు తాళపు తంతులను బిగించెదరు. దండిమీద నల్లని మైనపుకట్ట వేసి, అందులో 24 మెట్లు పొదుగుదురు. మైనము మెత్తనిది గనుక మెట్టును వెండ్రుకవాసి యిటునటు జరుపవచ్చును. ఒక్కొక్క మెట్టును చెవితో విని తగిన స్థానమున నిలుపుటకు మేళము కట్టుట యని పేరు. బొబ్బిలివీణకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను ఆ పనివారు వాయించు వీణలతోపాటు బహుమానములుగా నిచ్చుకొను చిన్న వీణబొమ్మలనుకూడ చేసి యమ్ముచున్నారు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలవారును ఆట చూచువారు తగ్గగా తోలుతో దీపపు తొడుగులు చేయనేర్చిరి. అచ్చటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. చేతిపని బ్రతుకవలెనన్న ఒక్కొక్కప్పుడు ఇట్లు రూపము మార్చుకొనవలసి వచ్చును.

గిటారు మన దేశమున పుట్టిన వాద్యము కాకపోయినను మనకు పరాయిది కాలేదు. మద్రాసులో 1842లో మిస్క్విత్ పేర వెలసిన వాద్యముల దుకాణము తరువాత మ్యూసీ మ్యూజికల్ అను పేరున ప్రసిద్ధి కెక్కెను. విశ్వమోహన్ భట్ గిటారును మోహనవీణగా మార్చి వాయించి 1994లో గ్రామీ బహుమానమును పొందెను. గిటారునకు దగ్గరి చుట్టమైన మాండొలిన్‌పై కర్ణాటకసంగీతమును పలికించిన శ్రీనివాస్, 1969లో మన పాలకొల్లున పుట్టినవాడు. 2014లో చిన్న వయస్సుననే కీర్తిశేషుడాయెను. అంతేకాదు. మన దక్షిణదేశపు అడవులలో పెరుగు జిట్టేగి కొయ్యను గిటారు వెనుకపలకకును ప్రక్కలకును లోకమంతట కోరి వాడుదురు. కావున ఎచ్చటనో చేసిన గిటారు మన ఊరు చేరినప్పుడు, దానిలో కొంతభాగము పుట్టింటికి వచ్చినదని చెప్పవచ్చును.

గిటారు పలుకుటకు కారణమేమి? తంతి సన్ననిది, అది కదలించు గాలి మిక్కిలి స్వల్పము. తంతి కంపము గుర్రముద్వారా పైపలకకు దిగును. వెడల్పైన ఆ పలక కంపించి చుట్టునున్న గాలిని, బుర్రలోని గాలిని కదలించును. అందుచే పైపలక పలుచగా నుండవలెను. కాని ఉక్కుతంతులు ఆరును కలిసి దానిని సుమారు 70 కిలోల బలముతో లాగుచుండును. అందుచే అది గట్టిగాను ఉండవలెను. ఈ రెండు కోరికలును ఒకదానికొకటి విరుద్ధములు. వాటిని పొందుపరచుటయే పనివాని విద్య. పలకక్రింద సన్నని కొయ్యబద్దలు అతికించి, ఒక్కొక్కదానిని ఉలితో చెక్కుచు, వ్రేలితో తట్టి వినుచు అతడు పని సాగించును. స్పెయినుదేశపు పనివాడు ఆంటోనియో దె తోర్రెస్ (1817–1892) ఈ బద్దలను విసనకఱ్ఱ పుల్లలవలె అమర్చెను. నాదమునకు మూలము పైపలకయే యని చూపుటకై ఆయన 1862లో ఒక గిటారునకు వెనుకభాగమును ప్రక్కలను కాగితపు అట్టతో చేసి, పైపలకను మాత్రము కొయ్యతో చేసెను.

మెట్ల లెక్కను మన విద్యార్థులు తరగతిలోనే చేసి చూడవచ్చును. గిటారు మెట్లు వీణమెట్లవలె మైనములో నుండవు. కొయ్యను కోసి బిగించినవి గనుక తరువాత జరుపుట సాధ్యము కాదు. పూర్వపు పనివారు తంతి పొడవును 18 చేత భాగించి, వచ్చిన దూరమున మొదటి మెట్టును, మిగిలిన పొడవును మరల 18 చేత భాగించి రెండవ మెట్టును, ఇట్లే తక్కినవానిని పెట్టెడివారు. ఈ 18కి 17 నిష్పత్తిని 1581లో తన గ్రంథమున చెప్పినవాడు విన్సెంజో గెలీలీ. దూరదర్శినితో ఆకాశమును శోధించిన గెలీలియోకు తండ్రి. నేటి లెక్కలో 18కి మారుగా 17.817 వాడుదురు. తంతి 650 మిల్లీమీటర్లైనచో మొదటి మెట్టు పాత లెక్కకు 36.1, క్రొత్త లెక్కకు 36.5 మిల్లీమీటర్ల దూరమున పడును. భేదము అర మిల్లీమీటరుకూడ లేదు. కాని ఈ కొరత మెట్టుమెట్టునకు పేరుకొనును. పండ్రెండవ మెట్టు సరిగా తంతి నడుమ, అనగా 325 వద్ద, ఉండవలసియుండగా దానికి కొంచెము ముందే పడును.

చిన్న దుకాణముల చరిత్రలో ఒకటి ముఖ్యముగా చెప్పదగినది. జర్మనీలోని మార్క్‌నాయికిర్షెన్ అను ఊరిలో 1796లో పుట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ బల్లలు పెట్టెలు చేయు వడ్రంగుల కులమువాడు. ఆ యూరి వయొలినుల పనివారు, వాద్యములు చేయు హక్కు తమదేగాని వడ్రంగులది కాదని వ్యాజ్యమాడిరి. వడ్రంగులే గెలిచిరి. అయినను అట్టి కట్టుబాట్లలో తనకు మేలు లేదని తలచి, మార్టిన్ 1833లో అమెరికాకు వలసపోయి, న్యూయార్కులో దుకాణము పెట్టెను. ముందుగదిలో అమ్మకము, వెనుకగదిలో పని. తరువాత అతడు పెన్సిల్వేనియాలోని నజరేతను మొరేవియను క్రైస్తవుల యూరికి మారెను. ఆ చిన్న దుకాణమే నేడు పెద్ద కర్మాగారమై ఇప్పటికిని ఆ యూరనే యున్నది.

ఇక మా సంగతి. మాది ధర్మవరమున మగ్గపు కుటుంబము. నాయన పట్టుచీరలు నేయును. మా తమ్ముడు హిందూపురమున చదువుచు, పాఠశాల పాటలబృందమున చేరి, గిటారు కావలెనని రెండేండ్లు అడిగెను. నాయన అవుననలేదు, కాదనలేదు; చీర దిగినపుడెల్ల కూలిలో కొంత వేరుగా దాచెను. ఒక వేసవి సెలవులలో మేము మువ్వురము ధర్మవరమున రైలెక్కి, పెనుకొండ, హిందూపురములమీదుగా బెంగుళూరు చేరితిమి.

అచ్చట మొదట చూచిన పెద్ద అంగడిలో గోడనిండ గిటారులు వ్రేలాడుచుండెను. అన్నియు ఒకే అచ్చున పోసినట్లుండెను. తరువాత ఎవరో చెప్పగా ఒక సందులోని చిన్న దుకాణమునకు పోతిమి. ముందర నాలుగే గిటారులు. వెనుక పనిబల్ల, ఉలులు, జిగురు వాసన. ఆ పనివాడు తెలుగు మాటలాడువాడే. నాయన గిటారును చేతికి తీసికొని, మొదట వెనుకకు త్రిప్పి చూచెను. నేతగాడు చీరను తిరుగవేసి చూచునుగదా! అది గమనించి పనివాడు నవ్వి, చిన్న అద్దమును, దీపమును ఇచ్చి, "అయ్యా, లోపలకూడ చూడుడు" అనెను. నాయన అద్దమును రంధ్రములోనికి దించి, పలకక్రింది బద్దలను చాలసేపు చూచెను. ఎవ్వరికిని కనబడని ఆ బద్దల అంచులుకూడ నున్నగా తీర్చియుండెను.

ధర విన్నపుడు మా తమ్ముని మొగము వాడెను. మేము తెచ్చిన సొమ్ము అందులో నాలుగవవంతైనను కాదు. బేరమాడుదురేమో యని మేము నాయన వైపు చూచితిమి. ఆయనకు బేరమాడుట ఎట్లు పొసగును? "మరమగ్గపు చీర ధరతో నా చీర ధరను పోల్చువాడు నా దినములను కోసికొని పోవుచున్నాడు" అని మా చిన్ననాటినుండి ఇంట వినుచున్న మాట. చేనేతకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించుచు 1985లో శాసనము చేసిరి; అయినను అంగడిలో మరమగ్గపు చీర చేనేత పేర అమ్ముడుపోవుట ఆయన కన్నులార చూచినదే. ఇప్పుడు ఆయన బల్లకు ఆవలివైపున, కొనువాని స్థానమున నిలిచియుండెను.

ఆయన ధరను గూర్చి అడుగలేదు. "ఇది ఎన్నాళ్ల పని?" అని అడిగెను. "చేతిలో ఇతరపనులు పెట్టుకొని చేసినచో రెండు మూడు నెలలు." "కూలి గిట్టుచున్నదా?" "చేయుటచేతనే ఇల్లు గడువదయ్యా. పాతవి బాగుచేయుటచేత గడచుచున్నది." నాయన వ్రేళ్లమీద ఏదో లెక్కించుకొని, "దీనికి తగిన ధర నావద్ద లేదు; తగ్గించి యిమ్మని నేను అడుగను" అనెను. పనివాడు కొంచెముసేపు ఊరకుండి, "అంగడిలో మామూలు గిటారు నొకటి కొనితెండు. అబ్బాయి వ్రేళ్లు నొవ్వకుండ నేను సరిచేసి యిచ్చెదను" అనెను.

మేమట్లే చేసితిమి. అతడు తంతులక్రింది ఎముకముక్కను అరగదీసి తంతుల యెత్తును తగ్గించెను. చేతికి గీరుకొను మెట్ల కొనలను ఆకురాయితో నున్నచేసెను. "మీ సీమ గాలి పొడి. ఎండకాలమున కొయ్య కుంచించుకొని పలక పగులును, పెట్టెలో తడిగుడ్డను చిల్లుల డబ్బాలో పెట్టి యుంచుడు" అని చెప్పెను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేలకు ఆ హితవు మిక్కిలి తగినది. అడిగిన కూలి నాయన మారుమాట లేక ఇచ్చెను.

తిరుగురైలులో తమ్ముడు చాలసేపు గిటారును ఒడిలో పెట్టుకొని, కడకు, "నాయనా, మన చీర కొనకుండ పోవువారుకూడ ఇట్లే వెనుకకు తిరిగిపోవుదురేమో" అనెను. మేము ఉలికిపడితిమి. నాయనకు కోపము రాలేదు. పెనుకొండ కొండ కనబడువరకు ఊరకుండి, "కొనలేక పోవువాడు వేరు, దీనికింత ధర యేల యని పోవువాడు వేరు. మొదటివాడు మరల వచ్చును" అనెను.

ఆ మాట నిజమో, తండ్రి కొడుకునకు చెప్పిన ఓదార్పో, మేము నేటికిని తేల్చుకొనలేదు. మగ్గపువాని ఇంటికి మరపని వాద్యమే వచ్చినదన్నది సత్యము. ఆ చిన్న దుకాణమున మా సొమ్ము కొంతయైనను చేరినదన్నదియు సత్యము. ప్రతివాడును పట్టుచీర కట్టలేనట్లే ప్రతి విద్యార్థియు చేతితో చేసిన గిటారును కొనలేడు. అందులో అవమానమేమియు లేదు. కాని మంచి పనిని గుర్తుపట్టుటకు సొమ్ము అక్కరలేదు. చీరను తిరుగవేసి చూచుట, గిటారులోపల అద్దము దించి చూచుట, బొబ్బిలివీణ మెట్టు మైనములో ఏల నిలిచినదో అడుగుట, ఇవి ఎవరైనను చేయవచ్చును. పగిలినదానిని పారవేయక బాగుచేయువానివద్దకు తీసికొనిపోవుటయు, అతడడిగిన న్యాయమైన కూలిని బేరమాడక యిచ్చుటయు మనలో చాలమందికి సాధ్యమే.

కాబట్టి బాలబాలికలారా, వాద్యము కొనబోవునపుడు గోడనున్న గిటారులను మాత్రము చూచి మరలకుడు. దగ్గరలో పనిబల్లగల దుకాణమున్నదేమో విచారింపుడు. తలిదండ్రులారా, పిల్లలతో కూడ పొండు. ధర తెలిసికొనుటకు ముందు "ఇది ఎన్నాళ్ల పని?" యని అడుగుడు.