మూగ గొల్లభామ

ఊరందరినీ పెళ్ళికి పిలిచి, ఇంటి గుర్తులు చెప్పడం మరిచిపోయిన వాళ్ళని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. మా అన్నయ్య కొడుకే!

మా సిద్దిపేట గొల్లభామ చీరలకు పేరు. నెత్తిన చల్లకుండతో నడిచే గొల్లభామను అంచులో, కొంగులో నేస్తారు. అచ్చు గుద్దేది కాదు, దారం దారం చేత్తో ఎత్తి బొమ్మ కట్టాలి. 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపైతే వచ్చింది కాని, నేసే చేతులే తగ్గిపోయాయి. ఆ మిగిలిన వాళ్ళలో మా వెనక వీధి మామ ఒకడు. నేసిన చీరలు పెట్టెలోనే మూలుగుతుంటే, మగ్గం ఎత్తేస్తానంటున్నాడు.

మావాడు ఆయన కోసం ఒక వెబ్‌సైట్ చేశాడు. తెరవగానే గొల్లభామ గజ్జెలు ఘల్లుమనిపిస్తూ నడిచొస్తుంది. కొంగు రెపరెపలాడుతుంది. అక్షరాలు పూలలా రాలి పేరవుతాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నా నవలల అట్టలకు ఏనాడూ అంత అందం రాలేదు.

నెల తిరిగింది. ఒక్క ఫోనూ లేదు.

"అత్తమ్మా, గూగుల్ల ఎంత వెతికినా మనది వస్తలేదు" అని వాడు తల పట్టుకున్నాడు. నేనూ వెతికాను. ఎవరెవరివో వచ్చాయి, మామది రాలేదు.

మా అమ్మకు చూపు పోయి ఆరేళ్ళు. మంచం మీంచే "నాకు గూడ చూపియ్యిరా" అంది. వాడు ఫోను ఆమె చేతికిచ్చాడు. గజ్జెల చప్పుడు విని, "ఎవలో నడుస్తున్నరు. ఎవలు? ఏం చీర? యాడ దొరుకుతది? ఒక్క ముక్క చెప్పదేందిరా, మూగదా ఈ పిల్ల?" అంది.

వాడు గతుక్కుమన్నాడు. వెతికే యంత్రం కూడా నానమ్మలాంటిదేనట. దానికి అందం కంటే అక్షరం ముఖ్యం. వీడేమో పేర్లు, ధరలు, చివరికి ఊరు కూడా బొమ్మల్లోనే గీసేశాడు! పూర్వం ఫ్లాష్‌తో చేసిన ఆడే పాడే పేజీలదీ ఇదే తిప్పలు. 2008లో గూగుల్ వాటిలోని అక్షరాలను కొంత మెరుగ్గా చదవడం నేర్చింది. 2020 ఆఖరికి ఆ ఫ్లాషే కన్నుమూసింది.

"అయితే బొమ్మను నడవనియ్యొద్దా?" అన్నాను దిగులుగా.

మామ నవ్వాడు. "బొమ్మ పైపేక బిడ్డా. అది తీసినా చీర చీరనే. పడుగు లేకుంటె బొమ్మ దేనిమీద నిలవడతది?"

వారం రోజులు కూర్చుని అక్షరాల పడుగు వేశాం. పేజీ శీర్షికలో ఊరు పేరు, చీర పేరు. ఒక్కో చీరకు ఒక్కో పేజీ, దానికో చిరునామా. ప్రతి బొమ్మ వెనకా అందులో ఏముందో చెప్పే ఒక వాక్యం. అవి నా వంతు. "ఎర్ర అంచు పొడుగునా వరసగా, చల్లకుండలెత్తుకున్న గొల్లభామలు" అని రాయడానికి ఒక పూట పట్టిందంటే నవ్వకండి. నవలలో అయితే పేజీ నింపేదాన్ని. కదలికలన్నీ వాడు ఆ అక్షరాల మీద పైపేకలా అమర్చాడు. గొల్లభామ ఇప్పుడూ నడుస్తోంది.

ఈసారి ఫోనే ఆ వాక్యాలను పైకి చదివింది. అమ్మ వింటూ వింటూ ఒకచోట ఆగింది. "నా పెండ్లి చీర గిట్లనే ఉండె" అంది.

మొన్న పూణే నుంచి ఎవరో ఆవిడ ఫోను చేసింది. రెండు చీరలు కావాలట. రెండింటికే ఇంత సంబరమా అంటారేమో. మామ సాయంత్రానికల్లా మగ్గం గుంటలోకి దిగాడు. వెనక వీధి నుంచి ఆ చప్పుడు విని, "దొరికిందా ఇల్లు?" అని అడిగింది అమ్మ.

"దొరికిందమ్మా" అన్నాను.